నీలికూజా మీద రాత

ఒకానొకప్పుడు తూర్పు సముద్రపు ఒడ్డున వేలాపురమనే రాజ్యం ఉండేది. దాన్ని రణభూషణ మహారాజు ఏలేవాడు. పేరుకు రణభూషణుడే గాని ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క యుద్ధం చేసిన పాపాన పోలేదు. వేలాపురం రేవులో అన్ని దేశాల ఓడలూ ఆగేవి. అందరికీ ఆ రేవుతో పని ఉంది కనుక ఎవరూ దండెత్తి రాలేదు. చేయడానికి యుద్ధాలు లేక రాజుగారు బిరుదుల మీద పడ్డారు.

ఆ బిరుదులన్నిటిలో ఆయనకు ప్రాణప్రదమైంది ‘సర్వలిపి సార్వభౌముడు’. అది ఎలా వచ్చిందంటే, ఒకసారి కోట వెనక బావి తవ్వుతుంటే పాత రాతిపలక బయటపడింది. దాని మీద ఏవో అక్షరాలు. ఆస్థాన పండితులు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, “మాకు అంతు చిక్కడం లేదు ప్రభూ” అని చేతులెత్తేశారు. రాజుగారు వంగి చూసి, “ఇంతేనా? ముందు కాలంలో రణభూషణుడనే మహావీరుడు పుడతాడని రాసి ఉంది” అన్నారు. మాకు చదవడం రాదని ముందే ఒప్పుకున్నవాళ్లు, ఇప్పుడు కాదని ఎలా అంటారు? అందరూ కలిసి చప్పట్లు కొట్టారు.

ఆ రోజు నుంచి రాజుగారికి ఏ దేశపు రాత కనబడినా అందులో తన పేరే కనబడేది. ఆఖరికి బియ్యం బస్తాల మీద వర్తకులు వేసుకున్న గుర్తుల్లో కూడా తన పొగడ్త చదువుకుని మురిసిపోయేవారు.

ఆ రేవుకు అధికారి కొమ్మన. మాట చమత్కారం ఎక్కువ, అదుపు తక్కువ. కొలువులో ఆయనకూ ఒక ఆసనం ఉంది. అయితే అది పెద్ద స్తంభం చాటున ఉంది. కొమ్మన నోటికి జడిసి మంత్రి ఎర్రమరాజే దాన్ని అక్కడ వేయించాడని చెప్పుకునేవారు.

రేవులో ఒక రాతి స్తంభం ఉండేది. రణభూషణుడి తాతగారు వేయించింది. “అల దాటి వచ్చినవాడు మా అతిథి, అతని ప్రాణానికీ సొత్తుకూ మాదే పూచీ” అని దాని మీద చెక్కించారు. ఓడ దిగిన ప్రతివాడికీ ఆ మాట వాడి భాషలో వినిపించి, చేతిలో చెయ్యి వేయడం కొమ్మన ఉద్యోగం. అందుకోసమే అరబ్బు మాటలు కొన్ని, చీనా మాటలు కొన్ని నేర్చుకున్నాడు. ఆ మాటంటే ఆయనకు ఉద్యోగం కన్నా ఎక్కువ.

ఏటేటా ఆ రేవుకు వచ్చేవాళ్లలో ఇద్దరు పనివాళ్లున్నారు. ఒకడు ఒమాను దేశపు హిలాల్. ఇత్తడి పళ్లేల మీద సన్నని వెండి తీగె పొదగడంలో దిట్ట. రెండోవాడు చీనా దేశపు లిన్. తెల్లని పింగాణీ మీద నీలిరంగుతో తీగెలూ పూలూ వేసేవాడు. ఒకడు పడమటి నుంచి, ఒకడు తూర్పు నుంచి వచ్చి, గాలి మారేదాకా అక్కడే ఉండేవాళ్లు. ఒకరి భాష ఇంకొకరికి ముక్క రాదు. అయినా రోజంతా పక్కపక్కనే కూర్చుని పని చేసుకునేవాళ్లు. లిన్ వాడే నీలిరంగు రాయి హిలాల్ తెచ్చిచ్చేదే. హిలాల్ ముందుగా నమూనా గీసుకునే కాగితం లిన్ ఇచ్చేదే. వేలాపురంలో కాసిని తెలుగు మాటలు ఇద్దరూ పట్టుకున్నారు గాని, వాటితో ఉప్పు చేపలు బేరమాడగలరు తప్ప మనసు విప్పుకోలేరు.

ఒక ఏడు ఇద్దరూ ఓడలు దిగుతూనే గుడ్డలో చుట్టిన మూటలు పట్టుకుని ఒకరి కోసం ఒకరు పరుగెత్తుకొచ్చారు. కొమ్మన ఎదుటే మూటలు విప్పారు.

లిన్ మూటలో నీలికూజా ఉంది. దాని మెడ చుట్టూ ఎప్పటి పూలకు బదులు అరబ్బు రాతలాంటి వంపులు తిరిగాయి. హిలాల్ మూటలో ఇత్తడి పళ్లెం ఉంది. దాని అంచు చుట్టూ చీనా రాతలాంటి గడులూ గీతలూ వెండితో మెరుస్తున్నాయి. కిందటి ఏడు ఇసుకలో ఒకరు రాసుకుంటుంటే ఇంకొకరు చూసి, ఆ తీరు మనసులో పెట్టుకుని, ఇంటికి పోయి ఏడాదంతా కూర్చుని చేశారన్నమాట. ఇద్దరికీ ఒకే ఆలోచన రావడం చూసి వాళ్లు నవ్విన నవ్వుకు రేవులో మూటలు మోసేవాళ్లు కూడా పని ఆపి చూశారు.

కొమ్మనకు ఒళ్లు పులకరించింది. ఇంతటి వింత తన కళ్లతో తానొక్కడే చూస్తే ఎలా అనిపించింది. “పదండి, ఇది రాజుగారు చూడాలి” అని ఇద్దరినీ వెంటబెట్టుకుని కోటకు బయలుదేరాడు. ఆ తొందరలో రాజుగారి బిరుదు సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

కొలువులో కూజానూ పళ్లేన్నీ పట్టుపీట మీద పెట్టారు. కొమ్మన కథ చెప్పడానికి గొంతు సవరించుకునేలోపే రాజుగారి చూపు కూజా మెడ మీద పడింది.

“ఆహా, అరబ్బు లిపి” అన్నారు రాజుగారు సింహాసనం దిగి వస్తూ. “చాలా సులభం. ‘రణభూషణుడి కీర్తి ఏడు సముద్రాలూ దాటింది’ అని ఉంది. ఏమయ్యా ఒమాను వాడా, నీ భాషే కదా. అంతేనా?”

హిలాల్ నిజాయితీపరుడు. వచ్చిన నాలుగు తెలుగు మాటలూ కూడబలుక్కున్నాడు. “అక్షరం కాదు, రాజా. బొమ్మ. నా స్నేహితుడు వేసిన బొమ్మ.”

రాజుగారు చప్పున పళ్లెం వైపు తిరిగారు. “సరే, ఇది చీనా లిపి. ‘రణభూషణుడికి సాటి లేదు’ అని ఉంది. నువ్వు చెప్పు.”

లిన్ పళ్లెం అంచు వేలితో నిమిరి, “మా రాతలాగా ఉంది. మా రాత కాదు. చాలా బాగుంది” అన్నాడు.

రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. కొమ్మన గబగబా ముందుకు వచ్చాడు. “ప్రభూ, వాళ్లు చెప్పింది నిజం. ఇద్దరూ…”

“వాళ్లు చెప్పింది నిజమైతే నేను చెప్పింది అబద్ధమా?”

దానికి జవాబు చెప్పి బతికినవాడు ఆ కొలువులో లేడు. కొమ్మన ఒక అడుగు వెనక్కి వేశాడు.

రాజుగారు కూజా చుట్టూ తిరిగారు. తిరుగుతూ తిరుగుతూ ఒక్కసారి ఆగి, తొడ చరుచుకున్నారు. “తెలిసింది. అరబ్బు రాత చీనావాడెందుకు రాశాడు? చీనా రాత అరబ్బువాడెందుకు రాశాడు? దాచవలసింది ఉండబట్టే. పైకి నా పొగడ్త, లోపల గూఢలిపి. ఇప్పుడు స్పష్టంగా కనబడుతోంది. ఇద్దరూ కలిసి మన రేవును పట్టుకోవాలని కుట్ర.”

“ఏలినవారి కంటికి మరుగేముంటుంది?” అన్నాడు మంత్రి ఎర్రమరాజు. ఆయనకు ఆ కొలువులో చెప్పవలసిన మాటలు అంతకు మించి ఉండేవి కావు.

తీర్పు క్షణంలో అయిపోయింది. పనివాళ్లిద్దరికీ చెరసాల. మర్నాడు మధ్యాహ్నం కూజానూ పళ్లేన్నీ పట్టపుటేనుగు కాలి కింద వేయించాలి. వాళ్లు వచ్చిన ఓడలు రెండూ రేవులోనే తగలబెట్టాలి.

కొమ్మన ఆ సాయంత్రం చెరసాలకు వెళ్లాడు. ఓడ దిగిన రోజున తాను చేతిలో చెయ్యి వేసిన మనుషులు ఇనుప చువ్వల వెనక ఉన్నారు. తిడతారనుకున్నాడు. తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేది.

లిన్ ఒక్కటే అడిగాడు. “నేను రాసింది తప్పా? వాడికి నచ్చలేదా?”

కొమ్మన దాన్ని హిలాల్‌కు అరబ్బులో చెప్పాడు. హిలాల్ తల అడ్డంగా ఊపాడు. “చదవడానికి అందులో ఏమీ లేదు. కాని మా మొదటి అక్షరం ‘అలిఫ్’ రాసేటప్పుడు నా చెయ్యి ఎక్కడ కొంచెం వంకర పోతుందో, ఆ వంకర అలాగే దించాడు. అలా మా అమ్మ కూడా పట్టుకోలేదు. అతనికి చెప్పు.”

కొమ్మన చెప్పాడు. లిన్ ముఖం వికసించింది. పిడుగు మీద పడబోతున్నా వీళ్లకు తమ గీతల గొడవే. కొమ్మనకు కళ్లు చెమర్చాయి. రేవులో ఆ స్తంభం ముందు నుంచి నడిచి ఇంటికి పోవడానికి ఆయనకు మొహం చెల్లలేదు. చుట్టుదారిన పోయాడు.

మర్నాడు పొద్దున్నే అరుగు మీద కూర్చుని రాజుగారికి విన్నపం రాద్దామనుకున్నాడు. లిన్ ఎప్పుడో కానుకగా ఇచ్చిన చీనా కాగితం పరిచాడు. హిలాల్ ఇచ్చిన అరబ్బు సిరా బుడ్డి మూత తీశాడు. ఏం రాయాలి? తమరికి చదవడం రాదని రాయాలా? కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఇంతలో ఆయన భార్య పేరమ్మ పెంచుకుంటున్న నల్లకోడి అరుగెక్కింది. గింజలేమైనా ఉన్నాయేమోనని సిరాబుడ్డిలో ముక్కు పెట్టింది. బుడ్డి బోర్లా పడింది. కోడి బెదిరి, ఆ సిరాలో రెండు కాళ్లూ ముంచి, కాగితం మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మధ్యలో ఆగి అలవాటు కొద్దీ రెండు గీకులు గీకింది.

పేరమ్మ వంటింట్లోంచి వచ్చి కాగితం చూసింది. “ఏమిటండీ ఆ రాత? చేతికి వాతమా? అచ్చం కోడి గీకినట్టుంది.”

కొమ్మన కాగితం వంక చూశాడు. కోడి వంక చూశాడు. మళ్లీ కాగితం వంక చూశాడు.

“నీ కోడిని కాసేపు ఇస్తావా?” అన్నాడు.

“దేనికి? కోసుకుతింటారా? గుడ్లు పెట్టే కోడండీ.”

“కోయను. కొలువులో నిలబెడతాను. నీ కోడి మీద ఇద్దరి బతుకు ఉంది, రెండు ఓడలున్నాయి, నా పరువుంది.”

పేరమ్మ మొగుడికి నిజంగానే మతి పోయిందేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. అయినా గంప తెచ్చిచ్చింది.

మధ్యాహ్నానికి కోట ముంగిట జనం కిటకిటలాడుతున్నారు. ఏనుగును సింగారించి తెచ్చారు. కూజా, పళ్లెం నేల మీద పెట్టి ఉన్నాయి. పనివాళ్లిద్దరినీ పక్కన నిలబెట్టారు. కొమ్మన జనాన్ని తోసుకుంటూ, రొప్పుతూ కొలువులోకి వచ్చి పడ్డాడు.

“ప్రభూ, ఒక్క క్షణం ఏనుగును ఆపించండి. ఈ పొద్దున మా ఇంటి అరుగు మీదనే ఈ పత్రం దొరికింది. కాగితం చీనాది. సిరా అరబ్బులది. నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు.”

రాజుగారు పత్రం లాక్కున్నారు. చూడగానే ఆయన కళ్లు మెరిశాయి. “నేను అనలేదా? ఇదే ఆ గూఢలిపి. కొలువంతా వినండి.” ఆయన పత్రం దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, గొంతు పెంచి చదవసాగారు. “‘మన సేన బయలుదేరింది. రేవును పట్టుకోవాలి. ఆ రణభూషణుడొక్కడే మనకు అడ్డు. అతని తెలివికి మన వాళ్లంతా వణికిపోతున్నారు.’ చూశారా, శత్రువు కూడా ఒప్పుకుంటున్నాడు.”

“ఈ రెండు గీకులేమిటి ప్రభూ?” అని కొమ్మన వినయంగా వేలితో చూపించాడు.

“అది సేనాపతి చేవ్రాలు. ఈ రాసినవాడు సామాన్యుడు కాడు. రెండు దేశాల లిపులూ కలిపి రాశాడంటే మహా పండితుడు. గీత చూడు, ఎక్కడా తొట్రుపాటు లేదు. క్రూరుడు కూడా.”

“ఏలినవారి మాట నిజమే. పొద్దున మా ఇంటిదాన్ని కూడా ముక్కుతో పొడవబోయాడు.”

“ముక్కుతోనా?”

“కోపం వస్తే అంతే ప్రభూ, ఒళ్లు తెలియదు. అదృష్టవశాత్తు పట్టుబడ్డాడు. కాళ్లు కట్టేసి బయట ఉంచాను. ప్రవేశపెట్టమని సెలవా?”

రాజుగారు సింహాసనంలో నిటారుగా కూర్చున్నారు. జీవితంలో మొదటిసారి ఒక శత్రు సేనాపతిని చూడబోతున్నారు. “భటులు కత్తులు దూయండి. తలుపులు మూయండి. తీసుకురండి ఆ దుర్మార్గుణ్ణి.”

కత్తులన్నీ ఒక్కసారి మెరిశాయి. మంత్రి ఎర్రమరాజు మెల్లగా సింహాసనం వెనక్కి జరిగాడు. ఇద్దరు భటులు గుడ్డ కప్పిన గంపను జాగ్రత్తగా తెచ్చి కొలువు మధ్య పెట్టారు. సేనాపతి మరీ పొట్టివాడిలా ఉన్నాడే అని ఎవరో గొణిగారు. కొమ్మన ఒక తెల్లగుడ్డ నేల మీద పరిచి, గంప లోపల చెయ్యి పెట్టి కట్టు విప్పి, గంప ఎత్తేశాడు.

నల్లకోడి బయటకొచ్చింది. చుట్టూ కత్తులు చూసి ఒకసారి మెడ సాచింది. తర్వాత, కొలువు బయట కొమ్మన మళ్లీ సిరాలో ముంచిన కాళ్లతో తెల్లగుడ్డ మీద తీరిగ్గా నడిచింది. మధ్యలో ఆగి, అలవాటు కొద్దీ రెండు గీకులు గీకింది.

గుడ్డ మీద సేన బయలుదేరింది. రేవును పట్టుకోవాలి. సేనాపతి చేవ్రాలు కూడా పడింది.

ఒక్కరూ నవ్వలేదు. అందరికీ ప్రాణం మీద తీపి ఉంది మరి. ఇప్పుడు ఏనుగు కాలి కింద పడేది కూజానో తన తలో కొమ్మనకే తెలియదు.

“కొమ్మనా, దీని చేత నువ్వు రాయించావా?” అన్నారు రాజుగారు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

“లేదు ప్రభూ. తనంత తానే రాసింది.”

“మరి నేను చదివినదంతా?”

“అది ఏలినవారిదే ప్రభూ. పాపం కోడి ఒక్క మాట అనలేదు.” కొమ్మన చేతులు జోడించాడు. “ఆ ఇద్దరూ కూడా ఒక్క మాట అనలేదు. ఒకడికి స్నేహితుడి చేతిరాత నచ్చింది. చదవడం రాదు గనుక, చూసినంత మేర ప్రేమగా దించుకున్నాడు. రెండోవాడూ అదే చేశాడు. తమ తాతగారు స్తంభం మీద రాయించిన మాట నేను వాళ్లకు చదివి వినిపించి ఇక్కడ దింపాను. దాన్ని ఎవరి భాషలో చదివినా ఒక్కటే అర్థం. ఆ మాట దక్కించండి. కావాలంటే కోడికి బదులు నన్ను శిక్షించండి.”

మంత్రి ఎర్రమరాజు సింహాసనం వెనక నుంచి తల బయటపెట్టాడు. “ప్రభువులు మనందరినీ పరీక్షించడానికే అలా చదివారని నాకు అప్పుడే తెలుసు.”

రాజుగారు మంత్రి వంక చూశారు. ఆ దారిన జారుకోవడానికి చక్కగా వీలుంది. ఆయన మీసం అదిరింది. అంతలో కోడి సింహాసనం మెట్టెక్కి, ఆయన పాదాల దగ్గరున్న తివాచీని దీక్షగా గీకడం మొదలుపెట్టింది.

“ఎర్రమరాజూ, నువ్వు ఊరుకో” అన్నారు రాజుగారు. “సేనాపతి ఇంకో ఉత్తరం రాస్తున్నాడు.”

అని పగలబడి నవ్వారు. ఎంత నవ్వారంటే కిరీటం పక్కకు ఒరిగి చెవి మీద ఆగింది. అప్పుడు కొలువంతా ఒక్క పెట్టున నవ్వింది. మూసిన తలుపుల అవతల జనం, ఏం జరిగిందో తెలియకుండానే, ఆ నవ్వు విని తామూ నవ్వారు.

పనివాళ్లను లోపలికి పిలిపించారు. రాజుగారు కూజాను స్వయంగా రెండు చేతులా ఎత్తి వెలుతురులో తిప్పి చూశారు. నిన్న ఆయన దాన్ని చదివారు గాని చూడలేదు. మెడ చుట్టూ ఆ నీలం, పొద్దు పొడిచే వేళ సముద్రంలా ఉంది. “ఎంత బాగుంది” అన్నారు. ఆ మాట ఆయన నోట బిరుదులేవీ తోడు లేకుండా వచ్చింది.

“నిన్న నాతో నిజం చెప్పినవాళ్లు మీరిద్దరే” అంటూ ఇద్దరికీ పట్టుశాలువలు కప్పారు. తన మెడలోని ముత్యాల హారం తీసి కొమ్మన మెడలో వేశారు. స్తంభం చాటు ఆసనం తీయించి సింహాసనం పక్కన వేయించారు. “నీ నోరు కనబడేంత దూరంలో ఉండాలి” అన్నారు.

“మరి సేనాపతి గతేమిటి ప్రభూ?” అన్నాడు కొమ్మన.

రాజుగారు కొలువు మధ్యకు దిగి వచ్చి, నిండు సభలో, తన ప్రాణప్రదమైన బిరుదును పేరమ్మ కోడికి బహూకరించారు. ఆనాటి నుంచి ‘సర్వలిపి సార్వభౌమ’ అంటే ఆ కోడే. దాన్ని ఎవరైనా కోసుకుతింటే రాజద్రోహమని కూడా చాటించారు.

గాలి మారింది. ఓడలు రెండూ చెక్కు చెదరకుండా వెళ్లిపోయాయి. కూజా ఒమానుకు పోయింది, పళ్లెం చీనాకు పోయింది. వెళ్లేముందు లిన్ రేవులోని ఆ రాతి స్తంభం దగ్గర కూర్చుని, దాని మీది తెలుగు రాతను చాలాసేపు చూసి వెళ్లడం కొమ్మన గమనించాడు.

మరుసటి ఏడు లిన్ రాజుగారికి ఒక కూజా తెచ్చాడు. దాని మెడ చుట్టూ గుండ్రంగా, ముద్దుగా, అచ్చం తెలుగులాంటి రాత. తలకట్లు ఉన్నాయి, కొమ్ములు ఉన్నాయి, సున్నాలు కావలసినన్ని ఉన్నాయి. చదవబోతే ఒక్క అక్షరమూ లేదు.

కొలువంతా రాజుగారి వంక చూసింది. రాజుగారు కూజాను అటు తిప్పి ఇటు తిప్పి, గుండెకు ఆనించుకున్నారు.

“ఏమని రాసి ఉంది ప్రభూ?” అన్నాడు కొమ్మన, కొత్త ఆసనంలోంచి.

“నన్నడిగితే ఏం లాభం? నాకేమొచ్చు?” అన్నారు రాజుగారు నవ్వు ఆపుకోలేక. “పేరమ్మగారికి కబురు పంపండి. కోడిగారిని పిలిపించండి.”